హైదరాబాద్ పోలీస్ టీమ్, కలకత్తా క్లబ్బులు: మనకూ ఒక ఫుట్‌బాల్ కథ ఉంది

  ఈ వారం ఎపిసోడ్‌లో ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకున్నాం. మాటల్లో కొన్ని పేర్లు, సంవత్సరాలు గబగబా దాటిపోయాయి. "మళ్ళీ ఒకసారి వరసగా చెప్పండి" అన్నవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాం. ట్రాన్స్‌క్రిప్ట్ వేరే ఉంది. ఇది చదువుకోవడానికి.

విషయం ఎక్కడ మొదలైందంటే, మన రూముల్లోనే. సెలవు రోజు సాయంత్రం గ్రౌండ్‌లో బాల్ పడితే మలయాళీలు, ఆఫ్రికా వాళ్ళు, అరబ్బు కుర్రాళ్ళు దిగుతారు. మనవాళ్ళు గట్టు మీద కూర్చుని చాయ్ తాగుతూ చూస్తారు. వరల్డ్ కప్ వచ్చిందంటే గదికో బ్రెజిల్ జెండా, గదికో అర్జెంటీనా జెండా. ఆ టైమ్‌లో ఎవరో ఒకరు అంటారు: "మీ తెలుగోళ్ళకు క్రికెట్, సినిమా తప్ప ఫుట్‌బాల్ ఏం తెలుసు?" మనవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఊరుకోవాల్సిన పని లేదు. ఒకప్పుడు ఇండియా మొత్తంలో కలకత్తా క్లబ్బులకు ఎదురు నిలబడిన టీమ్ మన హైదరాబాద్‌ది. అది ఏ సేఠ్ టీమో కాదు, నెల జీతానికి పనిచేసే పోలీసుల టీమ్.

డ్యూటీ చేసేవాళ్ళ టీమ్

బ్రెజిల్ గురించి ఒక్క మాట చెప్పి మన కథకు వస్తాను. బ్రెజిల్ అంటే మనకు పసుపు జెర్సీ, పీలే, నేమార్. కానీ అక్కడి జనానికి దేశం టీమ్ కంటే ముందు వాళ్ళ ఊరి క్లబ్. ఒక్కో రాష్ట్రానికి వేరే ఛాంపియన్‌షిప్ ఉంది. పోర్టో అలెగ్రె అనే ఊళ్ళో గ్రేమియో, ఇంటర్నాసియోనల్ అని రెండు క్లబ్బులు ఉన్నాయి. 1909లో మొదటిసారి ఆడినప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ ఊరు రెండుగా చీలి ఉంది. రియోలో బంగూ అనే క్లబ్ ఉంది. 1904లో ఒక బట్టల మిల్లు దగ్గర పుట్టింది. మిల్లులో పనిచేసే పేదవాళ్ళు, నల్లజాతి వాళ్ళు ఆ టీమ్‌లో ఆడారు. పెద్దింటి వాళ్ళ క్లబ్బుల్లోకి అలాంటివాళ్ళను రానివ్వని రోజులవి. అంటే ప్రపంచంలో చాలా మంచి టీములు పనిచేసే చోటే పుట్టాయి.

హైదరాబాద్ సిటీ పోలీస్ కూడా అంతే. నిజాం కాలంలోనే, 1930ల చివర్లో, పోలీసు శాఖలో ఈ టీమ్ తయారైంది. అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడితే చేతికి జీతం వచ్చే పద్ధతి లేదు. ఆటగాడికి బతుకుదెరువు కావాలంటే ఉద్యోగం ఉండాలి. పోలీసు శాఖ ఆ ఉద్యోగం ఇచ్చింది. పాతబస్తీ గల్లీల్లో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్క బస్తీల్లో బాల్ తన్నుకుంటూ తిరిగే పేద పిల్లలకు కానిస్టేబుల్ నౌకరీ అంటే మాటలు కాదు. ఇంటికి నెలనెలా డబ్బు, ఒంటి మీద యూనిఫాం, సాయంత్రం గ్రౌండ్. మన దగ్గర కంపెనీ వీసా వచ్చిందంటే ఇంట్లో ఎంత ధీమానో, వాళ్ళకు అది అంత ధీమా.

ఈ టీమ్‌లో ఎవరున్నారని అడిగితే, ఎక్కువమంది దక్కనీ మాట్లాడే హైదరాబాదీ ముస్లింలు. సికింద్రాబాద్ వైపు నుంచి తమిళ కుటుంబాల పిల్లలు కూడా ఆ కాలం హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో పైకి వచ్చారు. "మరి తెలుగోళ్ళు ఎక్కడ?" అని అడిగే అన్నలకు ఒకటే మాట. మీ రూములో పై బెర్త్ మీద పడుకునే హైదరాబాదీ భాయ్ మీవాడా, పరాయివాడా? అదే జవాబు ఇక్కడ కూడా.

టీచర్ రహీం సాబ్

ఈ టీమ్‌ను టీమ్‌గా చేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, స్కూల్లో టీచర్‌గా పనిచేశారు. 1950 నుంచి చనిపోయేవరకు పోలీస్ టీమ్‌కు కోచ్. అదే కాలంలో ఇండియా టీమ్‌కు కూడా కోచ్. 2024లో అజయ్ దేవగణ్ చేసిన "మైదాన్" సినిమా ఈయన మీదే. క్యాంపులో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు.

ఆయన పద్ధతి ఏమిటంటే, ముందు బాల్‌ను ఒంటరిగా తీసుకుపోయే అలవాటు మాన్పించడం. అప్పట్లో మన ఆటగాళ్ళకు డ్రిబ్లింగ్ అంటే మోజు. ఒక్కడే నలుగురిని తప్పించుకుని పోతే జనం ఈలలు వేసేవాళ్ళు. రహీం సాబ్ దానికి ఒప్పుకోలేదు. బాల్ అందగానే పాస్ చెయ్యి, పాస్ చేసి ఖాళీ చోటుకు పరిగెత్తు, మళ్ళీ తీసుకో. డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టేవారు. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితో మాత్రమే ఆడాలని ఇంకో రకం పోటీలు. రెండు కాళ్ళూ ఒకలాగే పనిచేస్తే ఎదుటివాడికి నువ్వు ఎటు తిరుగుతావో తెలియదు కదా.

సైట్‌లో పనిచేసేవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇటుకలు అందించే వరసలో ఒకడు హీరోయిజం చేస్తే వరస ఆగిపోతుంది. చేతి నుంచి చేతికి ఆగకుండా పోతే గోడ లేస్తుంది.

1958 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ గెలిచినప్పుడు వాళ్ళు ఆడిన 4-2-4 పద్ధతి ప్రపంచానికి తెలిసింది. నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు. మన దేశంలో ఇలాంటి కొత్త పద్ధతులను తొందరగా పట్టుకున్న కోచ్ రహీం. ఆయన కాలంలో ఇండియా టీమ్‌ను "ఆసియా బ్రెజిల్" అనేవాళ్ళు. ఇప్పుడు బ్రెజిల్ జెండా కట్టుకునే మనకు ఆ మాట గుర్తుండాలి.

కలకత్తాతో పోటీ ఎందుకు వచ్చింది

అప్పుడు దేశం మొత్తానికి ఒకే లీగ్ అనేది లేదు. అది 1996లో కానీ మొదలు కాలేదు. అందుకని వేరే వేరే ఊళ్ళ టీములు కలిసేది కప్పుల్లోనే. రెండు కప్పులకు పెద్ద పేరు. ఒకటి డ్యూరాండ్ కప్, 1888లో సిమ్లాలో మొదలై తర్వాత ఢిల్లీకి వచ్చింది. ఇంకొకటి బొంబాయిలో జరిగే రోవర్స్ కప్, 1891లో మొదలైంది. రెండూ బ్రిటిష్ వాళ్ళు పెట్టుకున్నవి. ఓడితే ఇంటికే. అందుకే ఒక్కో మ్యాచ్ చావో రేవో అన్నట్టు ఉండేది.

ఈ కప్పులకు కలకత్తా నుంచి మూడు పెద్ద క్లబ్బులు వచ్చేవి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్. వాళ్ళ వెనక లక్షల అభిమానులు, పాత పేరు, ఊళ్ళో పెద్ద లీగ్, డబ్బున్న పోషకులు. ఎదురుగా మన పోలీసులు. అభిమానుల రైళ్ళు లేవు, పేపర్లలో పెద్ద పేరు లేదు. ఉన్నదల్లా గ్రౌండ్‌లో ఆట.

ఇక లెక్క చూడండి.

రోవర్స్ కప్: 1950, 1951, 1952, 1953, 1954. వరసగా ఐదేళ్ళు హైదరాబాద్ పోలీస్‌దే. ఆ కప్ చరిత్రలో ఇంకెవరూ వరసగా ఐదుసార్లు గెలవలేదు. 1957లో మళ్ళీ గెలిచారు.

డ్యూరాండ్ కప్: మధ్యలో కొన్నేళ్ళు ఆగిపోయిన ఈ కప్ 1950లో మళ్ళీ మొదలైంది. ఆ మొదటి ఏడాదే ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి హైదరాబాద్ సిటీ పోలీస్ కప్ తీసుకుపోయింది. 1952 ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడారు. 1954లో మళ్ళీ గెలిచారు. 1956 ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ వీళ్ళను ఓడించింది. 1957 ఫైనల్లో వీళ్ళు ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి బదులు తీర్చుకున్నారు. రాష్ట్రం మారాక టీమ్ పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1961 ఫైనల్లో మళ్ళీ మోహన్ బగాన్‌ను కొట్టారు. 1963 ఫైనల్లో మోహన్ బగాన్ గెలిచింది.

చూశారా, ఒకసారి నువ్వు, ఒకసారి నేను. అసలైన పోటీ అంటే ఇదే. ఎప్పుడూ ఒకడే గెలిస్తే దాన్ని పోటీ అనరు.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో కూడా హైదరాబాద్ 1956-57లో, 1957-58లో వరసగా రెండుసార్లు గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో ఇంకోసారి.

ఇండియా జెర్సీలో మనవాళ్ళు

ఊరి టీమ్ బలంగా ఉంటే దేశం టీమ్‌లో మనుషులు కనిపిస్తారు. 1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్ జరిగాయి. రహీం కోచ్. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఇండియా గోల్డ్ తెచ్చింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్. ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించి ఇండియా సెమీఫైనల్‌కు పోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ టీమ్‌లో అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, ఇలా ఎంతమంది హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్ళో చూడండి.

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన్ని పక్కన పెట్టకుండా ముందు వరసలో ఆడించారు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచారు. ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి అదే జర్నైల్ సింగ్‌ది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన మగవాళ్ళ టీమ్ మళ్ళీ గోల్డ్ చూడలేదు.

రైలెక్కిన ఆటగాళ్ళు

ఇప్పుడు మన బతుకులకు దగ్గరగా వచ్చే ముక్క.

బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పెరిగారు. ఇల్లు గడవడమే కష్టంగా ఉండే కుటుంబం. అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు రావడానికి ఖర్చులకు లేకపోతే రహీం సాబే సైకిల్ ఏర్పాటు చేశారని చెబుతారు. హైదరాబాద్ పోలీస్‌కు ఆడారు. 1957లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. అదే ఏడాది డ్యూరాండ్ ఫైనల్లో ఎదురుపడింది ఎవరంటే, ఆయన వదిలి వచ్చిన ఊరూ, చేరిన క్లబ్బూ! 1961లో ఆయనే ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం: ఇండియా ముందు వరసలో ఈ ముగ్గురి పేర్లు ఒకే ఊపిరిలో చెప్పేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్ కొట్టింది ఈయనే. అనారోగ్యం వల్ల చిన్న వయసులోనే ఆట మానేయాల్సి వచ్చింది. కానీ తిరిగి రాలేదు. రైల్వేలో ఉద్యోగం చేసి, బెంగాల్‌లోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు.

ఆ తర్వాత 1966లో హైదరాబాద్ నుంచి మొహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు పోయారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియా కంచు పతకం గెలిచినప్పుడు కెప్టెన్ నయీముద్దీన్, ముందు వరసలో హబీబ్. హబీబ్ వెనకే తమ్ముడు అక్బర్ కూడా కలకత్తా చేరాడు. మన దగ్గర అన్న వచ్చి, వీసా పంపి తమ్ముడిని రప్పించినట్టే. కలకత్తా జనం హబీబ్‌ను "బడే మియా" అని పిలుచుకున్నారు. నౌకరీలు వద్దనుకుని ఆటనే నమ్ముకున్న మనిషి అని ఆయనకు పేరు.

బ్రెజిల్ వాళ్ళకు చెప్పుకోవాల్సిన సంగతి ఒకటి. 1977 సెప్టెంబర్ 24న పీలే తన కాస్మోస్ క్లబ్‌తో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడాడు. మ్యాచ్ 2-2తో డ్రా అయింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, ఇంకోటి మన హైదరాబాద్ హబీబ్‌ది. ఇంకోసారి ఎవరైనా "మీకేం తెలుసు" అంటే ఈ ఒక్క ముక్క చాలు.

వీళ్ళు ఊరిని మోసం చేసి పోయారా? కొందరు అప్పట్లో అలా అని ఉండవచ్చు. కానీ మన గురించి కూడా ఊళ్ళో అలాగే అంటారు కదా, "గల్ఫ్ పోయాడు, ఇక్కడ పొలం బీడు పడింది" అని. పిలిచినవాడి దగ్గర పేరూ పైసా ఉన్నాయి. ఉన్న చోట ఒక ఉద్యోగం, ఒక కప్పు. మంచి కాళ్ళున్నవాడు వెళ్ళకుండా ఎలా ఉంటాడు? పోటీలో కలకత్తా చివరికి పైచేయి అయింది మ్యాచ్‌ల వల్ల ఒక్కటే కాదు. మన ఆటగాళ్ళను తీసుకెళ్ళి తమవాళ్ళను చేసుకోవడం వల్ల కూడా.

ఎందుకు ఆరిపోయింది

ఒక కారణం కాదు. గురువు పోయాడు. రహీం సాబ్ తయారు చేసిన పిల్లలు ఉన్నంతకాలం ఆట సాగింది. కానీ ఆయన పద్ధతిని అంత ఓపికగా నేర్పేవాళ్ళు తగ్గారు. బాగా ఆడేవాళ్ళు కలకత్తాకు, తర్వాత ఇతర ఊళ్ళ క్లబ్బులకు పోయారు. శాఖ ఉద్యోగం మీద నిలబడిన టీమ్‌కు ఆ ఉద్యోగాల తలుపు మూసుకుంటే కొత్త రక్తం రాదు. వీటన్నిటి మీద క్రికెట్ వచ్చి కూర్చుంది. 1983 తర్వాత పిల్లల చేతికి బ్యాటు వచ్చింది. గల్లీలు ఇరుకయ్యాయి, మైదానాలు తగ్గాయి.

ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఒక్క మనిషి మీద, ఒక్క యజమాని మీద ఆధారపడి కట్టింది ఎంత గొప్పదైనా, ఆ మనిషి పోతే కదిలిపోతుంది. కలకత్తా క్లబ్బులకు సభ్యులున్నారు, అభిమానులున్నారు. తాత నుంచి మనవడికి ఆ జెండా అందింది. మన పోలీస్ టీమ్‌కు కప్పులు ఉన్నాయి కానీ, దాన్ని "మాది" అని అనుకుని టికెట్ కొని నిలబెట్టే జనం అంతగా కూడలేదు.

మళ్ళీ చిగురు, మళ్ళీ గాలి

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టేడియం అంతా పసుపు రంగు. 1-1తో ఆగి పెనాల్టీలకు పోయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ ఛాంపియన్. ఆ రాత్రి మలయాళీ రూమ్మేట్ ఉన్న ప్రతి తెలుగోడికీ తెలుసు ఆ ఆనందం ఎలాంటిదో!

కానీ ఆ సంతోషం నిలవలేదు. క్లబ్ డబ్బు ఇబ్బందుల్లో పడింది. ఆటగాళ్ళకు జీతాలు బకాయి పడ్డాయి. కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా ఆపింది. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. జీతం ఆగితే ఎంత పెద్ద టీమైనా ఎలా కూలుతుందో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఐ-లీగ్‌లో శ్రీనిది దక్కన్ అనే టీమ్ ఆడింది. 2022-23లో, 2023-24లో వరసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. అంటే నిప్పు పూర్తిగా ఆరలేదు.

మఫ్రఖ్‌లో ఉన్న మనకు

మఫ్రఖ్ అంటే అరబీలో దారులు చీలే చోటు. ఇక్కడి నుంచి ఒక దారి అబుధాబి ఊళ్ళోకి పోతుంది. ఊళ్ళో అల్ వహ్దా, అల్ జజీరా అని రెండు క్లబ్బులు ఉన్నాయి. ఒకే ఊరి క్లబ్బులు కాబట్టి వాళ్ళ మధ్య పోటీ గట్టిది. అల్ వహ్దా ఆడే అల్ నహ్యాన్ స్టేడియంలోనే 2019 జనవరి 6న ఏషియా కప్‌లో ఇండియా థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించింది. నాలుగు రోజుల తర్వాత జాయెద్ స్పోర్ట్స్ సిటీలో యూఏఈ చేతిలో 2-0తో ఓడింది. ఇటు పక్కన బనియాస్‌కు కూడా సొంత క్లబ్ ఉంది. సెలవు దొరికిన రోజు ఒక లోకల్ మ్యాచ్‌కు పోయి చూడండి. టీవీలో చూసినదానికీ గ్రౌండ్ పక్కన చూసినదానికీ చాలా తేడా ఉంటుంది.

ఇంకొక మాట. క్యాంపులో టీమ్ కట్టాలంటే పదకొండు మంది దొరకనక్కర్లేదు. ఐదుగురు చాలు, రెండు చెప్పులు పెడితే గోల్ పోస్ట్. ఎండ తగ్గాక ఆడండి, నీళ్ళు దగ్గర పెట్టుకోండి, దెబ్బ తగలకుండా చూసుకోండి. మోకాలు పోతే డ్యూటీ పోతుంది, డ్యూటీ పోతే ఇంటికి డబ్బు పోదు. అందుకే రహీం సాబ్ చెప్పిందే మనకు మంచిది: తోసుకోవద్దు, ఒంటరిగా తీసుకుపోవద్దు, పాస్ చెయ్యి.

మీ ఊళ్ళో, మీ నాన్నల కాలంలో ఎవరైనా ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు ఉంటే మాకు వాయిస్ మెసేజ్ పంపండి. పోలీసుగా చేసిన పెదనాన్న అయినా, సింగరేణి గ్రౌండ్‌లో ఆడిన బాబాయ్ అయినా, రైల్వే టీమ్‌కు ఆడిన మామయ్య అయినా. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి పెట్టుకుంటే మంచిది. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో కొన్ని వినిపిస్తాం. అందాకా ఆరోగ్యం జాగ్రత్త.